త్రిత్వ సిద్ధాంతము : నాలుగవ శతాబ్దినాటి యొక పదవివాదము

దేవుడొక్కడే. ఆ యొక్క దేవునియందు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అను ముగ్గురు వ్యక్తులు కలరు. ముగ్గురును నిత్యులు, ముగ్గురును సమానులు. అయినను దేవుళ్లు ముగ్గురు కారు. క్రైస్తవ సంఘములలో అధికభాగ మంగీకరించిన త్రిత్వ సిద్ధాంతము సంగ్రహముగా నిది. ఇది వినిన తెలుగు చదువరికి వెంటనే తోచునవి రెండు. మూడు ఒకటి యెట్లగునన్న లెక్క మొదటిది. బ్రహ్మ విష్ణు మహేశ్వరుల స్మరణ రెండవది. ఈ రెండు త్రోవలలో నే త్రోవను పోయినను సిద్ధాంతమును చేరజాలము. త్రిమూర్తులకు సృష్టి, స్థితి, లయములు వేర్వేరుగా పంచి యీయబడినవి. త్రిత్వవాదులకో, అట్టి పని పంపకమే సమ్మతము కాదు. ఇక లెక్క మాట. వారు ‘ఒకటి’ యన్నది యొక విషయమును గూర్చి, ‘మూడు’ అన్నది మఱియొక విషయమును గూర్చి. ఆ రెండు విషయములకు వేర్వేరు పేర్లు పెట్టి, ఆ పేర్లకు సర్వసమ్మతమైన అర్థము లేర్పఱచుటకు 325 మొదలు 381 వఱకు, అనగా ఏబదియాఱు సంవత్సరములు పట్టినది. ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినది ఆ పేర్ల చరిత్రను.

పదముల తగవు అన్నంతమాత్రమున అది యల్పమైనదని నా తాత్పర్యము కాదు. మీమాంసను, వ్యాకరణశాస్త్రమును చదివినవారికి పదమునకై వాదించుట అర్థమునకై వాదించుటయే యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

తొలి క్రైస్తవులు యూదులు. దేవుడొక్కడే యన్నది వారి యూపిరి. అయినను వారు యేసునకు ప్రార్థన చేసిరి, అతని పేర బాప్తిస్మ మిచ్చిరి. మత్తయి సువార్త తుదియందలి బాప్తిస్మ వాక్యమున తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అను మూడు షష్ఠ్యంతములకు ‘నామము’ అను ఏకవచన మొక్కటే విశేష్యముగా నున్నది. ఆచారము ముందు పుట్టినది. దానికి తగిన సిద్ధాంతమును వెదకుట తరువాతి పని. ‘త్రిత్వము’ అను మాట బైబిలునందు లేదు. అంతియొకయ బిషప్పైన థియోఫిలస్ 180 ప్రాంతమున దేవుని, ఆయన వాక్కును, ఆయన జ్ఞానమును గలిపి గ్రీకులో ‘త్రియాస్’ అనెను. మూడవ శతాబ్ది తొలినాళ్లలో కార్తేజి నగరవాసి టెర్టుల్లియన్ లాటిను భాషలో ‘త్రినితాస్’ అనెను. ‘సబ్‌స్టాన్షియా’ ఒకటి, ‘పెర్సోనా’లు మూడు అను పలుకుబడియు అతని చలువయే.

పెర్సోనా యనగా మొదట నటుడు ధరించు ముసుగు; పిదప నాటకమందలి పాత్ర. గ్రీకున దీనికి సమానమైన ‘ప్రోసోపాన్’ అను పదమునకు ముఖమనియు, ముసుగనియు అర్థములు. ఈ మాటలో నొక చిక్కు కలదు. మన వీథినాటకములలో నొకే నటుడు రాత్రి తొలిజామున నొక వేషము, నడిజామున నొక వేషము, తెల్లవాఱుజామున మఱియొక వేషము కట్టుట కలదు. దేవుడును అట్లే యొకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడుగా, ఒకప్పుడు ఆత్మగా కానవచ్చెనను వాదము మూడవ శతాబ్దిలో రోమునగరమున సబెల్లియస్ పేర ప్రచారమైనది. దీనిలో ఏకత్వము నిలిచినది గాని సువార్తలు నిలువవు. యేసు తండ్రిని ప్రార్థించెను గదా; వేషము వేషమునకు మ్రొక్కునా? సంఘము ఈ వాదమును త్రోసిపుచ్చినది.

దీనికి నెదురుకొన ఆరియస్ నిలిచెను. అలెగ్జాండ్రియాలో గురువుగా నున్న యితడు 318 ప్రాంతమున తన బిషప్పుతో వాదమునకు దిగెను. కన్నవాడు కన్నబడినవానికంటె ముందు. కావున కుమారుడు లేని దశ యొకటి యుండితీరవలెను. కావున కుమారుడు సృష్టిలో మొదటివాడు, శ్రేష్ఠుడు, అయినను సృష్టియే. ఆరియస్ తర్కము నెగతాళి చేయుట సులభము కాదు. ఏకేశ్వరవాదమును కాపాడవలెనన్న యతని పట్టుదల నిజమైనది. కాని ఫలిత మేమి? సృష్టింపబడినవానిని పూజించుట విగ్రహారాధనమని నమ్మిన సంఘము మూడువందల యేండ్లుగా ఆ పనియే చేసినట్లగును. అంతేకాక, తానే సృష్టియైనవాడు సృష్టిని దేవునితో నెట్లు కూర్చును? రేవుకూలీలు, గానుగవాండ్రు సైత మీ తగవులో తల దూర్చుటకు కారణ మిదియే. వారికిది శాస్త్రచర్చ కాదు; తాము చేయు ప్రార్థన ఎవరికి చెందుచున్నదను ప్రశ్న.

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి దీనిని మొదట చిల్లర తగవుగా నెంచి, మందలించుచు జాబు వ్రాసి, అది చాలకపోగా 325లో నికయ పట్టణమున బిషప్పులను సమావేశపఱచెను. వచ్చినవారు 318 మంది యని సంప్రదాయము; అబ్రాహాము ఇంట పుట్టిన దాసుల సంఖ్యయు అదియే గావున ఆ లెక్కను నేనంతగా నమ్మను. ఆరియస్ పక్షమువారు లొంగని మాట యొకటి కావలసివచ్చెను. ‘హోమోఊసియోస్’, అనగా తండ్రితో నేకసారము గలవాడను పదము దొరికెను. దానిపై నాక్షేపణలు చాల నుండెను. అది గ్రంథమందు లేదు. ఒకే లోహపుముద్దనుండి తీసిన రెండు తునకలను స్ఫురింపజేయును. పైగా 268లో అంతియొకయ సభ మఱియొక సందర్భమున ఆ మాటనే తిరస్కరించినదని వినికిడి.

వీనికంటె పెద్ద చిక్కు ప్రమాణవాక్యముల తుదినున్న శాపవాక్యములలో దాగియున్నది. కుమారుడు వేఱొక ‘హుపోస్టాసిస్’ నుండి గాని వేఱొక ‘ఊసియా’ నుండి గాని వచ్చెనని చెప్పువారిని సభ శపించినది. అనగా ఆనాటికి ఆ రెండు పదములును పర్యాయములు. ఏబదియాఱేండ్ల పిదప ఇదే సంఘము ఊసియా ఒకటి, హుపోస్టాసిస్సులు మూడు అని చెప్పినది. నికయ వాక్యములను అక్షరార్థముగ పట్టుకొన్నచో 381నాటి పండితులు శాపమునకు పాత్రులు.

నడుమ జరిగిన రాజకీయము దీర్ఘము. దానిని త్వరగా దాటుదును. 328లో అలెగ్జాండ్రియా బిషప్పైన అథనేసియస్ ఐదుమార్లు పదవి వీడి ప్రవాసమునకు పోవలసివచ్చెను. నలువదియైదేండ్ల పదవీకాలమున సుమారు పదునేడేండ్లు దానికే చెల్లిపోయెను. 357లో సిర్మియంలో గూడిన సభ ఊసియా సంబంధమైన మాటలు ఇక నెవ్వరును వాడరాదని శాసించినది. పదమును నిషేధించినచో ప్రశ్న పోవునని యధికారులు తలంచుట ఆ యొక్క కాలమునకే చెల్లదు. మరుసటి యేట మధ్యేమార్గీయులు కొందఱు ‘హోమొయిఊసియోస్’ అను పదమును ముందునకు తెచ్చిరి. సమసారము గలవాడు, అనగా సారమున తండ్రిని బోలినవాడని దాని యర్థము. పూర్వపదమునకును దీనికిని ‘అయోటా’ అను నొక్క యక్షరమే భేదము. ఒక్క యక్షరమునకై లోకము తలక్రిందులైనదని పరిహసించిన చరిత్రకారులు కలరు. మన భాషలో ‘విషము’నకును ‘విషయము’నకును ఒక్క యకారమే భేదము, అది యుండిననేమి లేకున్ననేమి యని తెలుగువాడెవ్వడు ననడు.

నా దృష్టిలో ఈ చరిత్రయందు ముఖ్యమైన ఘట్టము నికయ కాదు, 362లో అలెగ్జాండ్రియాలో జరిగిన చిన్న సభ. పెద్ద సభలను గూర్చి వ్రాసినంతగా దీనిని గూర్చి వ్రాయరు. జూలియన్ చక్రవర్తి ప్రవాసమందున్న బిషప్పుల నందఱ విడుదల చేయగా అథనేసియస్ తిరిగివచ్చి ఈ సభను గూర్చెను. ఇటలీ దేశస్థుడైన వెర్చెల్లి బిషప్పు యూసీబియస్ మున్నగువారు హాజరైరి. చర్చకు వచ్చినది అంతియొకయ సంఘము. అక్కడ నికయ విశ్వాసమును బలపఱచువారే రెండుగా చీలి యుండిరి. హుపోస్టాసిస్ ఒకటియే యని యొక పక్షము. మూడని మెలీటియస్ పక్షము. మొదటివారికి రెండవవారు ఆరియస్ అనుచరులుగా కనబడిరి. రెండవవారికి మొదటివారు సబెల్లియస్ శిష్యులుగా కనబడిరి.

సభ చేసినది సామాన్యమైన పని: ఒక్కొక్క పక్షమును పిలిచి, ‘మీ మాటకు మీ యర్థమేమి?’ అని యడిగినది. మూడనువారిని, బంగారము, వెండి, కంచు వలె భిన్నమైన మూడు పదార్థములని గాని, మనుష్యులవలె విడివిడిగా నున్న ముగ్గురని గాని మీ యభిప్రాయమా యని యడిగిరి. కాదు, మూడు దైవములని మేమెన్నడును ననలేదు, తండ్రి, కుమారుడు, ఆత్మ నిజముగా ఉన్నారని, పేర్లు మాత్రమే కారని మా భావము అని వారు బదులు చెప్పిరి. పిమ్మట ఒకటి యనువారిని, సబెల్లియస్ వలె కుమారుని, ఆత్మను మాపివేయుదురా యని యడిగిరి. కాదు, మేము హుపోస్టాసిస్ అను పదమును ఊసియా అను నర్థమున వాడుచున్నామని వారనిరి. ఇరువురును ఆరియస్‌ను, సబెల్లియస్‌ను నిరాకరించిరి. ఇరువురి విశ్వాస మొక్కటే యని తేలినది. పదము వేఱైనను అర్థ మొకటి కావచ్చును, పదమొకటియైనను అర్థములు వేఱు కావచ్చును అని యొక మతసభ గుర్తించి లిఖితపూర్వకముగా ప్రకటించుట ప్రాచీన చరిత్రలో అరుదు.

ఈ లేఖను గొనిపోయిన యూసీబియస్ అంతియొకయ చేరునప్పటికి కార్యము మించిపోయినది. సార్డీనియా ద్వీపవాసియైన లూసిఫర్ అను బిషప్పు తొందరపడి ఒక పక్షమునకు పౌలినస్‌ను బిషప్పుగా నియమించి యుండెను. రెండు పీఠము లేర్పడిన పిమ్మట అర్థము కలిసినను మనుష్యులు కలియలేదు. ఆ చీలిక ఐదవ శతాబ్ది యారంభము వఱకు సాగినది.

లాటిను వారికి ఈ చిక్కు మఱింత కఠినము. ‘హుపోస్టాసిస్’ అనగా వ్యుత్పత్తిచే ‘క్రింద నిలుచునది’. దానిని భాగభాగములుగా లాటినులోనికి మార్చినచో వచ్చు పదము ‘సబ్‌స్టాన్షియా’యే. మూడు హుపోస్టాసిస్సులని గ్రీకువాడనగా లాటినువాని చెవికి మూడు సారములని వినబడును; మూడు పెర్సోనాలని లాటినువాడనగా గ్రీకువాని చెవికి మూడు ముసుగులని వినబడును. సిరియా యెడారిలో తపస్సు చేయుచుండిన జెరోము 376 ప్రాంతమున రోము బిషప్పు దమాసస్‌నకు వ్రాసిన జాబులలో, తన్ను మూడు హుపోస్టాసిస్సు లనుమని నిర్బంధించుచున్నారని, ఆ మాటలో విషమున్నదని శంకించుచున్నానని మొఱపెట్టుకొనెను. బహుభాషావేత్తయై, తరువాత బైబిలును లాటినులోని కనువదించినవానికే యీ యవస్థ!

పదములను తుదకు విడదీసినవారు కప్పదొకియ దేశీయులు: బాసిల్, అతని తమ్ముడైన నిస్సా గ్రెగరీ, మిత్రుడైన నజియాంజస్ గ్రెగరీ. బాసిల్ జీవితమున వ్యాకరణజ్ఞులకు వేడుక కలిగించు సంగతి యొకటి కలదు. అతడు స్తుతివాక్యమును ‘కుమారుని ద్వారా, ఆత్మయందు’ అని యొకప్పుడును, ‘కుమారునితో, ఆత్మతో కూడ’ అని యొకప్పుడును పలికెనట. ప్రతిపక్షులు తప్పుపట్టిరి. విభక్తి మాఱినచో స్వభావము మాఱునని, తండ్రికొకటి, కుమారునికొకటి, ఆత్మకొకటిగా విభక్తులు నియతములని వారి వాదము. గ్రంథమునుండియే ఉదాహరణములు దీసి, ఆ విభక్తులు మువ్వుర విషయమునను మాఱిమాఱి వాడబడినవని చూపుచు బాసిల్ 375 నాటికి పరిశుద్ధాత్మను గూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను.

ఊసియా సామాన్యము, హుపోస్టాసిస్ విశేషము అన్నది బాసిల్ చేసిన నిర్ణయము. మనుష్యుడను సామాన్యమునకును, పేరుపెట్టి చెప్పు ఫలానా మనుష్యునకును గల సంబంధ మట్టిది. మన శాస్త్రములెఱిగిన వారికిది పరిచితమే. పదమున కర్థమేమని విచారించుచు గౌతముని న్యాయసూత్రములు వ్యక్తి, ఆకృతి, జాతి యను మూటిని చెప్పినవి. గోత్వము జాతి, ఎదుట నిలిచిన యావు వ్యక్తి. కాని యిచ్చటనే యొక శంక పుట్టును. గోత్వ మొకటియైనను ఆవులు మూడే గదా! దైవత్వ మొకటియైనను దేవుళ్లు మువ్వురు కారా? అబ్లాబియస్ అనువాడు నిస్సా గ్రెగరీ నిట్లే యడిగెను. గ్రెగరీ రెండు సమాధానములు చెప్పెను. మనుష్యత్వ మొకటియే గావున ‘ముగ్గురు మనుష్యులు’ అనుటయే వాడుకలోని పొరపాటన్నది మొదటిది. ఇది పండితుని తప్పించుకొనుటయే కాని సమాధానము కాదని నా యభిప్రాయము. రెండవది బలవత్తరము: ముగ్గురు మనుష్యులు ఒకే వృత్తి చేసినను ఎవరి పని వారిది; దేవునియందట్లు కాదు. ప్రతి కార్యమును తండ్రినుండి వెలువడి, కుమారుని ద్వారా నడచి, ఆత్మయందు పూర్తియగు నొకే కార్యము. త్రిమూర్తులతో పోలిక పొసగదని ముందు చెప్పినది దీనిని బట్టియే.

381లో థియోడోసియస్ చక్రవర్తి కాలమున కాన్‌స్టాంటినోపుల్ మహాసభ పరిశుద్ధాత్మయు తండ్రి కుమారులతో గూడ ఆరాధ్యమని ప్రకటించినది. ఊసియా ఒకటి, హుపోస్టాసిస్సులు మూడు అను మాట మరుసటి యేట అచ్చట గూడిన బిషప్పులు రోమునకు పంపిన లేఖలో స్పష్టముగ నున్నది. తరువాతి తరమున లాటిను పండితుడు అగస్టీను, గ్రీకువారి యీ భేదము తనకు సరిగా బోధపడదని యొప్పుకొని, ‘ముగ్గురు వ్యక్తులు’ అనుట చెప్పవలసినది చెప్పితిమని కాదు, ఏమియు ననక యూరకుండలేక యని వివరించెను.

మన భాషలో హుపోస్టాసిస్సునకు ‘వ్యక్తి’ యను పదము నిలిచినది. దీని ధాత్వర్థము వ్యక్తమగుట. ఆ యర్థమును పట్టుకొన్నచో సబెల్లియస్ వాదము ప్రక్కకు జాఱుదుము. నేటి వాడుకలో వ్యక్తి యనగా మనిషి. ఆ యర్థమును పట్టుకొన్నచో మూడు దైవములగును. జాతివ్యక్తుల విచారమందలి శాస్త్రార్థమే బాసిల్ భావమునకు దగ్గర, అబ్లాబియస్ శంక దానిని వెన్నాడునన్న మాట నిజమైనను. గ్రీకున లేని నిర్బంధ మింకొకటి తెనుగున నున్నది. మనము సంఖ్య చెప్పునప్పుడే ‘మూడు’ అనవలెనో ‘ముగ్గురు’ అనవలెనో తేల్చుకొనవలెను. ‘ముగ్గురు’ అన్న తెలుగు క్రైస్తవుడు ముసుగుల వాదమును సంఖ్యావాచకముతోనే త్రోసిపుచ్చుచున్నాడు. ‘ఆత్మ’ యను శబ్దము మాత్రము మన వాడుకలో అమహత్తు. గ్రీకున దానికి మూలమైన ‘ప్న్యూమా’యు నపుంసకమే. ఆత్మ దేవుని శక్తి మాత్రమేగాని వేఱొక వ్యక్తి కాదని వాదించినవారికి ఈ లింగము కొంత యూత. తెలుగు సంఘములలో ‘పరిశుద్ధాత్మ’ యను రూపముతో పాటు ‘పరిశుద్ధాత్ముడు’ అను రూపమును ప్రార్థనలయందు వినవచ్చుచున్నది. వైయాకరణులు దాని సాధుత్వమును గూర్చి యేమన్నను, ఆ డుప్రత్యయము 381నాటి సభవారి పక్షమున నున్నది.