ఎర్ర ఏగాణి

మా నాన్న కంచరి. రాజురాలో బిందెలకు మాట్లు వేసేవాడు, చెంబుల సొట్టలు తీసేవాడు, గిన్నెలకు కళాయి పెట్టేవాడు. పని అయిపోయాక ప్రతి సామానుకూ చింతపండు, ఉప్పు, ఇటుక పొడి పట్టించాల్సిందే. మెరవకుండా ఏదీ మా గడప దాటేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, డెబ్బై దాటాక ఇప్పుడు పాత డబ్బులు చూపించడానికి వచ్చే ప్రతివాడికీ ఒకటే మాట చెబుతున్నాను: తోమకండి. మా నాన్న వింటే నవ్వేవాడు.

మొన్న గడ్‌చాందూర్ నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. చేతిరుమాల్లో నిజాం కాలం నాటి రెండు పైల నాణేలు పదకొండు. పది నల్లగా, ఒకటి తళతళా.

“కాకా, గిదొక్కటే మంచిగుంది. మిగతాయన్నీ నల్లగైనయ్. దీనికెంతొస్తది?”

“ఎవరు తోమిండ్రు బిడ్డా?”

వాడు తెల్లబోయాడు. “మా అవ్వ. దీపావళి పూజకు. మీకెట్ల తెలుసు?”

తెలియకేం? నాణెం మీది తుగ్రా, అంటే మెలికల రాత, గీతల సందుల్లో పసుపు ఇంకా ఉంది. చదునుగా ఉన్నచోట తోముడు మిగిల్చిన సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. అవ్వది కుడిచేతి వాటం అని కూడా చెప్పగలిగేవాణ్ణి, కాని గొప్పలెందుకని ఊరుకున్నాను.

ఈ రెండు పైలు మా ఊళ్లో ఎందుకు ఇన్ని దొరుకుతాయో చెప్పాలంటే ఊరి సంగతి చెప్పాలి. నేను పుట్టింది ఆదిలాబాద్ జిల్లాలో, బడిలో చేరింది నాందేడ్ జిల్లాలో, ఎక్కాలు నోటికొచ్చింది చాందా జిల్లాలో. ఇల్లు మాత్రం అదే. 1956 నవంబరులో హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు రాజురాను బొంబాయి రాష్ట్రానికిచ్చి నాందేడ్‌లో కలిపారు. 1959లో చాందాకు మార్చారు. మరుసటేడు మహారాష్ట్ర అయింది. ఈ నడుమనే, 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి.

అంతకు ముందు వార్ధా నది ఇవతల నిజాం రాజ్యం, అవతల బల్లార్షా ఇంగ్లీషువాళ్లది. ఇవతల చెల్లేది హాలీ సిక్కా, అవతల చెల్లేది కల్దార్. కల్ అంటే యంత్రం. యంత్రం మీద అచ్చయిన డబ్బు కాబట్టి కల్దార్ అన్నారు. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు, కాస్త అటూ ఇటూగా. రూపాయల్లో ఈ లెక్క నడుస్తుంది. పైల దగ్గరికొచ్చేసరికి ఎవడో ఒకడు మునగాల్సిందే. అందుకే అంగడి రోజున ఏటి అవతలివాడికి హాలీ చిల్లర అంటగడితే గొడవే. హాలీ పోయాక, ఆ చెల్లని చిల్లరంతా తూకానికి మా నాన్న దగ్గరికి చేరింది. మూసల్లో కరిగిపోయినవి ఎన్నో నాకు తెలియదు. ఒక బిస్కెట్ డబ్బా నిండా మిగిలాయి. నేను నాణేలు చూడడం మొదలుపెట్టింది ఆ డబ్బాతోనే.

కంచు నాణెం అంటారు గాని, కంచరి ఇంట్లో దాన్ని కంచు అంటే ఒప్పుకోరు. గణగణమనే కంచంలో తగరం నూటికి ఇరవై పాళ్ల పైన ఉంటుంది. నాణెంలో ఉండేది చిటికెడు, ఇంకో చిటికెడు తుత్తునాగం, మిగిలిందంతా రాగే. మా నాన్న దాన్ని “తగరం వాసన చూసిన రాగి” అనేవాడు. కల్దార్ కాణీ 1906 దాకా అచ్చమైన రాగిది, ఆరున్నర గ్రాముల బరువు. ఆ ఏటి నుంచి ఇలాంటి కంచుకు మార్చి, బరువు ఐదు గ్రాముల లోపుకు దించారు. పాత కాణీ, కొత్త కాణీ రెండూ అరచేతిలో పెట్టి ఎగరేస్తే కళ్లు మూసుకునైనా తేడా చెప్పొచ్చు.

నిజాం వైపు మొదట నడిచినవి సుత్తిదెబ్బ డబ్బులు. డబ్బు అన్నమాటే ఒక రాగి నాణెం పేరు. అవి మందంగా, వంకరటింకరగా ఉంటాయి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది కాబట్టి సగం అక్షరాలు బిళ్ల బయటే ఉండిపోతాయి. అది చూసి అరిగిపోయిందనుకుంటారు జనం. పుట్టుకతో లేని అక్షరం అరగడమేమిటి? 1903లో హైదరాబాద్ సైఫాబాద్‌లో కొత్త టంకశాల కట్టాక, తుగ్రా ఉన్న గుండ్రటి కంచు పైలు యంత్రం మీద రాసాగాయి. ఒక వైపు నిజాం బిరుదులు మెలిపెట్టిన తుగ్రా, రెండో వైపు విలువ. ఏడు హిజ్రీలో ఉంటుంది. 1329 హిజ్రీ ఉన్నది చేతికొస్తే జాగ్రత్తగా చూడాలి. ఆ ఏడే, 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ పోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. ఒకే ఏటి మీద ఇద్దరి నాణేలూ ఉన్నాయి.

ఇక దర్జా కట్టడం. నాణేల సంతల్లో వీఎఫ్ (బాగున్నది), ఎక్స్‌ఎఫ్ (చాలా బాగున్నది), యూఎన్‌సీ (వాడనిది) అంటారు. ఒకటి నుంచి డెబ్బై దాకా అంకెలు వేసే పద్ధతి కూడా ఉంది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వాళ్ల పాత పెద్ద సెంట్ల కోసం తయారుచేశాడు. అవీ రాగివే. నేను అంకెలు వేయను. ముందు ఎత్తుగా ఉన్న గీతలు చూస్తాను, అరుగుదల అక్కడే మొదలవుతుంది. తరవాత నాణేన్ని దీపం కింద ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పుతాను. వాడని నాణెమైతే వెలుగు దాని మీద బండిచక్రంలా తిరుగుతుంది. అచ్చు పడ్డప్పుడు లోహం నడుమ నుంచి అంచుకు పారుతుంది, ఆ పారిన జాడల మీద తిరిగే వెలుగు అది. తోమిన నాణెం కూడా మెరుస్తుంది గాని దాని వెలుగు కదలదు. అన్ని వైపుల నుంచీ ఒకేలా, చెంబులా మెరుస్తుంది.

రంగు ఇంకా తేలిగ్గా బయటపెడుతుంది. “చేతిలో ఎర్ర ఏగాణి లేదు” అంటాం. ఆ ఎరుపు టంకశాల నుంచి వచ్చిన కొత్త డబ్బుది. నూరేళ్లు చేతులు మారిన డబ్బు ఎర్రగా ఉండదు. బెల్లం రంగులోకి, అక్కణ్ణుంచి వేయించిన కాఫీ గింజ రంగులోకి దిగుతుంది. చింతపండు పులుపు ఆ పైపొరను కరిగిస్తుంది, దాంతోపాటు కొంత లోహాన్ని కూడా తింటుంది. మిగిలేది కొత్త ఎరుపు కాదు. పుండు మానిన చోట వచ్చే చర్మంలా, పాలిపోయిన గులాబీ. అరిగిన నాణెం మీద ఆ రంగు కనబడితే ఇక భూతద్దం తియ్యక్కర్లేదు.

తెలిసినవాళ్లు దాన్ని మళ్లీ నల్లబరుస్తారు, గంధకం పొగతోనో ఇంకోదానితోనో. అప్పుడు పది రెట్ల అద్దం కావాలి. చెయ్యి తగిలి వచ్చిన నలుపు మిట్టల మీద పలచగా, పల్లాల్లో చిక్కగా ఉంటుంది. పెట్టిన నలుపు అంతటా ఒకటే, తోముడు గీతల లోపల కూడా.

అన్నిటికన్నా చెడ్డది ఉప్పు. మా నాన్న పనిలో దానికి దోషం లేదు, బిందెను రోజూ కడుగుతారు. నాణేన్ని తోమి డబ్బాలో పెట్టి మరిచిపోతారు. సన్నటి గుంటల్లో దాగిన ఉప్పుకు వానాకాలం తేమ తగిలితే లేత పచ్చటి పొడి పైకి వస్తుంది. గోరుతో గీకితే రాలుతుంది, మళ్లీ వస్తుంది. లోహాన్ని తింటూ పోయే జబ్బు అది. ఏళ్ల తరబడి గట్టిపడిన ముదురు చిలుము వేరు, అది రాలదు, దాని జోలికి పోకూడదు. మా బిస్కెట్ డబ్బాలో నాన్న ముచ్చటపడి తోమిన నాణేలు నాలుగున్నాయి. నాలుగింటికీ ఈ పొడి పట్టింది. వేరే డబ్బీలో పెట్టాను, పారెయ్యబుద్ధి కాలేదు.

బెజ్జం ఉన్న రెండు పైలు తెచ్చి, ఎవరో మెడలో వేసుకోడానికి పొడిచారని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ బెజ్జం టంకశాలదే. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943 నుంచి కల్దార్ పైసకు బెజ్జం పెట్టారు, నిజాం రెండు పైలకూ అదే గతి పట్టింది. పొడిచిన బెజ్జానికి వెనకవైపు అంచు లేచి ఉంటుంది, వేలికి తగులుతుంది.

వంతెన కింద దొరికినవి ఇంకో రకం. బల్లార్షా నుంచి మాణిక్‌గఢ్ స్టేషన్‌కు వచ్చే రైలు వార్ధా దాటుతుంటే కిటికీల్లోంచి చిల్లర విసిరి దండం పెట్టేవాళ్లు. ఇసుకలో దొర్లినదాన్ని ఎవరూ తోమక్కర్లేదు, ఏరే తోముతుంది. గీతలు ఒక దిక్కుకు ఉండవు, సన్నటి గుంటలుంటాయి, అంచు గుండ్రబడుతుంది.

ఆ పిల్లవాడి పదింటినీ ఒక్కొక్కటే కాగితంలో చుట్టి ఇచ్చాను. వాటిలో రెండు ఎక్స్‌ఎఫ్ అన్నా తప్పులేదు. వాడి కన్ను మాత్రం పదకొండోదాని మీదే ఉంది.

“మరి దీన్నేం జెయ్యాలె కాకా?”

“అవ్వకే ఇయ్యి. మళ్ల దీపావళొస్తది గద.”