శ్రవణ వార్తాపత్రిక

ఒక ఊరి వార్తాపత్రికను స్వచ్ఛంద సేవకులు చదివి, ధ్వనిముద్రణ చేసి, అంధులకూ చూపు మందగించినవారికీ ఉచితంగా చేరవేసే ఏర్పాటును శ్రవణ వార్తాపత్రిక అంటారు. బ్రిటన్‌లో 1970లో మొదలైన ఈ సేవ, ప్రభుత్వ పథకంగా కాక, ఆయా పట్టణాల్లోని చిన్న బృందాల పూనికతో దేశమంతటా వ్యాపించింది.

బ్రిటన్‌లో అంధుల కోసం గ్రామఫోను రికార్డులపై శ్రవణ పుస్తకాలు 1935లోనే వెలువడ్డాయి. దేశ, విదేశ వార్తలు రేడియో ద్వారా అందరితో పాటు వారికీ అందుతూనే ఉండేవి. అయితే ఏ వీధిలో రోడ్డు తవ్వుతున్నారు, మునిసిపాలిటీ ఏం తీర్మానించింది, ఎవరు కాలం చేశారు, అంత్యక్రియలు ఎప్పుడు అనే సమాచారం, అంటే తెలుగు దినపత్రికల జిల్లా సంచికల్లో కనిపించే తరహా వార్తలు, అచ్చులో తప్ప మరెక్కడా దొరికేవి కావు. చుక్కలను వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపిలో ప్రతి ఊరి పత్రికనూ ముద్రించడం ఖర్చుతో కూడిన పని. పైగా వృద్ధాప్యంలో చూపు కోల్పోయినవారిలో చాలామందికి ఆ లిపి రాదు. చూపుతో పాటు తాము బతుకుతున్న ఊరి కబురు కూడా దూరం కావడమే వీరికి అసలైన నష్టం. పుస్తకాలు ఎన్ని వచ్చినా ఆ లోటు తీరలేదు.

దీనికి అమెరికా రేడియో మార్గాన్ని ఎంచుకుంది. మామూలు రేడియోకు అందని ఉపవాహక తరంగాన్ని, అంటే ఎఫ్‌ఎం ప్రసారంలోనే ఇమిడివుండే అదనపు మార్గాన్ని వాడుకుని, ప్రత్యేక రిసీవర్లు ఉన్న శ్రోతలకు పత్రికలనూ పుస్తకాలనూ చదివి వినిపించే సేవ 1969 జనవరిలో మినెసోటా రాష్ట్రంలో ప్రారంభమైంది. బ్రిటన్ బాట వేరు. వేల్స్‌లోని అబరిస్ట్విత్‌లో గ్రంథాలయశాస్త్ర కళాశాల అధ్యాపకుడైన రొనాల్డ్ స్టర్ట్, స్వీడన్‌లో అప్పటికే నడుస్తున్న ఇటువంటి ప్రయత్నాన్ని ఆదర్శంగా తీసుకుని, 1970 జనవరిలో దేశంలోనే మొదటి శ్రవణ వార్తాపత్రికను ఆరంభించాడు. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్, చవకైనదీ చేతిలో ఇమిడేదీ కావడం వల్ల, ఈ సేవ ఊరూరా పాకడానికి బాగా తోడ్పడింది.

పని జరిగే తీరు చాలా బృందాల్లో దాదాపు ఒకటే. వారపత్రిక వెలువడగానే సంపాదక బాధ్యత చూసేవారు వార్తలను ఎంచి, కత్తిరించి, వరుస పెడతారు. ముగ్గురు నలుగురు చదువరులు మైకుల ముందు కూర్చుని వంతులవారీగా చదువుతారు. ఒకరు ధ్వని స్థాయిని సరిచూస్తారు. క్యాసెట్ల కాలంలో నకళ్లు తీశాక ఒక్కో క్యాసెట్‌ను ఒక్కో ప్లాస్టిక్ సంచిలో పెట్టి తపాలాకు ఇచ్చేవారు. సంచి మీది చీటీకి ఒకవైపు శ్రోత చిరునామా, రెండోవైపు బృందం చిరునామా ఉండేవి కనుక, విన్నవారు చీటీని తిప్పి పెట్టి తిరుగు టపాలో వేస్తే సరిపోయేది. అంధులకు పంపే సామగ్రికి తపాలా రుసుము లేకపోవడమే ఈ మొత్తం వ్యవస్థకు ఆధారం; ఆ మినహాయింపు లేనిదే చందాలతో నడిచే బృందాలు వారం వారం ఇన్ని సంచులు పంపగలిగేవి కావు. తిరిగొచ్చిన క్యాసెట్లను చెరిపి మళ్లీ వాడేవారు. సంచి తిరిగి రాకపోతే శ్రోతకు ఒంట్లో బాగాలేదేమోనని కనుక్కోవడానికి కూడా ఈ పద్ధతి వీలు కల్పించేది. లెక్కల్లో కనిపించకపోయినా, ఈ సేవలో అదీ విలువైన భాగమే.

బృందాలు పెరగడంతో 1974లో వాటికి జాతీయ సంఘం ఏర్పడింది. అది దేశవ్యాప్త పత్రికలను కూడా ధ్వనిరూపంలో అందించింది. పత్రికల్లోని రాతలను చదివి నకళ్లు తీయడానికి హక్కుదారుల అనుమతి కావాలా అన్న ప్రశ్నను 2002 నాటి కాపీహక్కు చట్టం చాలావరకు తేలిక చేసింది: దృష్టి లోపం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేని సంస్థలు చదవగలిగే, వినగలిగే ప్రతులు తయారు చేసుకోవడానికి అది వెసులుబాటు ఇచ్చింది.

తర్వాత క్యాసెట్ల స్థానంలోకి యుఎస్‌బి మెమరీ స్టిక్కులు వచ్చాయి. ఇంటర్నెట్, మాట వినే స్పీకర్ల ద్వారా కూడా ఇప్పుడు అనేక బృందాల ధ్వనిముద్రణలు వినవచ్చు. కంప్యూటర్ గొంతు ఏ పత్రికనైనా క్షణాల్లో చదివిపెట్టగల ఈ రోజుల్లోనూ ఈ బృందాలు కొనసాగడానికి ముఖ్య కారణం, ఇంటర్నెట్ వాడలేని వృద్ధ శ్రోతలు ఎందరో ఉండటం, వీధుల పేర్లనూ ఇంటిపేర్లనూ ఆ ఊరివారు పలికినట్టే పలికే గొంతును వారు కోరుకోవడం.