క్షయరోగికి ఇల్లే ఆసుపత్రియైన వైనము

క్షయరోగికి మంచి గాలి, పుష్టినిచ్చు ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవియే చికిత్సయని ఒకప్పుడు మనము నమ్మితిమి. మదనపల్లె చెంత ఆరోగ్యవరము శానటోరియము 1915లో వెలసినది ఆ నమ్మకముతోనే. 1952లో ఐసోనియజిడ్ గుణము వెల్లడియైనది. మందు చౌకయే, శానటోరియమున మంచము దొరకుటయే దుర్లభము. మరి ఇరుకిండ్లలోని బీదవారు ఇంటనే మాత్రలు మ్రింగిన గుణమిచ్చునా? ప్రక్కన పరుండు పసివారి గతి యేమి?

ఈ శంక తీర్చుటకు 1956లో మద్రాసున ఒక పరిశోధన కేంద్రము నెలకొన్నది. 193 మంది బీదరోగులను, చీటీలెత్తినట్లు, రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టు శానటోరియమున, మరియొకటి ఇంట, ఏడాదిపాటు ఒకే మందులు పుచ్చుకొన్నవి. 1959లో ఫలితములు వెలువడినవి. శానటోరియమువారు బాగుగ భుజించి ఎక్కువ బరువెక్కిరి. రోగము మాత్రము రెండుచోట్లను ఇంచుమించు సమానముగనే తగ్గినది! ఇంటిల్లిపాదికి అందువలన అదనపు ముప్పును కనబడలేదు. (మంచి తిండి వలదని కాదు సుమా!)

1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఇంటనుండి పొందు చికిత్సనే ఆధారము చేసికొన్నది. అయితే దగ్గు తగ్గగనే మాత్రలు మానువారు కలరు. అది యెరిగియే మద్రాసు కేంద్రమువారు ముందుగా చెప్పక ఇండ్లకు పోయి, మాత్రలు లెక్కించి, మూత్రము పరీక్షించి చూచెడివారు.