కళాశాల నేపథ్యపు పిల్లి మిస్టరీ నవలలు

ఆంగ్ల అపరాధ పరిశోధక సాహిత్యంలో కోజీ మిస్టరీ అనే శాఖ ఒకటుంది. ఇందులో హత్య జరుగుతుంది గానీ నెత్తుటి వర్ణన ఉండదు. నేరాన్ని ఛేదించేది పోలీసు ఉద్యోగి కాదు, ఏదో ఒక వృత్తిలో ఉన్న మామూలు మనిషి. కథ ఒక చిన్న ఊళ్లోనో, అందరూ అందరికీ తెలిసిన ఒక సంస్థలోనో నడుస్తుంది. ఈ శాఖలో పిల్లి ముఖ్యపాత్రగా, కళాశాలో విశ్వవిద్యాలయమో రంగస్థలంగా ఉన్న నవలలు 2009 తర్వాత ఒక ప్రత్యేక పాయగా గుర్తింపు పొందాయి. అమెరికాలో మిరాండా జేమ్స్, క్లియా సైమన్ ఈ పాయకు ప్రధాన రచయితలు. పిల్లి నవల, కళాశాల నవల అంతకు ముందు ఏడు దశాబ్దాల పాటు దాదాపు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా పెరిగాయి. వాటిని కలిపినవారు విశ్వవిద్యాలయాన్ని, గ్రంథాలయాన్ని లోపలి నుంచి ఎరిగిన రచయితలు కావడం ఈ చరిత్రలో గమనించవలసిన విషయం.

తొలి దశ

నేరాన్ని బయటపెట్టిన పిల్లుల్లో అందరికీ తెలిసినది ఎడ్గార్ ఆలన్ పో 1843లో ప్రచురించిన 'ది బ్లాక్ క్యాట్' కథలోది. అది భయానక కథ. అక్కడి నుంచి దాదాపు వందేళ్లకు, 1939లో, డి. బి. ఓల్సెన్ అనే పేరుతో డొలొరెస్ హిచెన్స్ 'ది క్యాట్ సా మర్డర్' రాసింది. వృద్ధురాలైన రేచల్ మర్డాక్ అందులో పరిశోధకురాలు, ఆమె పిల్లి పేరు సమాంతా. ఇదే రచయిత్రి 1945 నుంచి ప్రొఫెసర్ పెన్నీఫెదర్ అనే అధ్యాపకుణ్ణి పరిశోధకుడిగా పెట్టి మరో వరుస నవలలు కూడా రాసింది. పిల్లీ ప్రొఫెసరూ ఒకే కలం నుంచి వచ్చినా వేర్వేరు వరుసల్లోనే ఉండిపోయారు.

కళాశాల నవల ఇంగ్లండులో రూపుదిద్దుకుంది. జె. సి. మాస్టర్‌మన్ 'ఏన్ ఆక్స్‌ఫర్డ్ ట్రాజెడీ' 1933లోనూ, డొరొతీ ఎల్. సేయర్స్ 'గాడీ నైట్' 1935లోనూ, మైకేల్ ఇన్నెస్ 'డెత్ ఎట్ ది ప్రెసిడెంట్స్ లాడ్జింగ్' 1936లోనూ వెలువడ్డాయి. వీటిలో అగ్రస్థానం 'గాడీ నైట్'దే. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కల్పిత మహిళా కళాశాలకు ఆకాశరామన్న ఉత్తరాలు రావడం ఇందులోని సమస్య. ఒక్క హత్య కూడా జరగకుండానే ఉత్కంఠ చివరిదాకా నిలుస్తుంది. సేయర్స్ స్వయంగా సోమర్‌విల్ కళాశాలలో చదివింది. పాండిత్యం పట్ల నిజాయితీ, ఆ నిజాయితీకి చెల్లించవలసిన మూల్యం నవల ఇరుసు. పరిశోధన పత్రంలోని ఒక అబద్ధం ప్రాణాలమీదికి తెస్తుందన్న ఆలోచన తర్వాతి కళాశాల మిస్టరీల్లో తరచు కనిపిస్తుంది.

అమెరికాలో ఈ బాట వేసినది అమాండా క్రాస్. ఆ పేరు వెనుక ఉన్న కరొలిన్ హైల్‌బ్రన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్య అధ్యాపకురాలు. డిటెక్టివ్ నవలలు రాస్తున్నట్టు తెలిస్తే ఉద్యోగం ఖాయం కావడానికి అడ్డొస్తుందని ఆమె తన పేరు దాచుకుంది. కేట్ ఫాన్స్‌లర్ అనే ఆచార్యురాలు పరిశోధకురాలిగా 'ఇన్ ది లాస్ట్ ఎనాలిసిస్' 1964లో వచ్చింది. 1981 నాటి 'డెత్ ఇన్ ఎ టెన్యూర్డ్ పొజిషన్' హార్వర్డ్‌లో స్త్రీలకు శాశ్వత ఆచార్య పదవి ఇచ్చే విషయంలో ఉన్న వివక్షను కథావస్తువుగా తీసుకుంది.

లిలియన్ జాక్సన్ బ్రౌన్

పిల్లి మిస్టరీకి విస్తృత పాఠకలోకాన్ని సంపాదించి పెట్టినది లిలియన్ జాక్సన్ బ్రౌన్ (1913–2011). 'డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్' పత్రికలో దాదాపు 30 ఏళ్లు పనిచేసింది. తాను పెంచుకున్న సయామీ పిల్లి పైఅంతస్తు కిటికీలోంచి పడి చనిపోయిన దుఃఖంలో రాసిన 'ది సిన్ ఆఫ్ మేడమ్ ఫ్లోయ్' అనే కథ 1962లో 'ఎలరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్'లో అచ్చయింది. తొలి నవల 'ది క్యాట్ హూ కుడ్ రీడ్ బ్యాక్‌వర్డ్స్' 1966లో వచ్చింది. 1967లో, 1968లో ఒక్కొక్కటి వెలువడ్డాక ఆ వరుస 18 ఏళ్లు ఆగిపోయింది. 1986లో 'ది క్యాట్ హూ సా రెడ్'తో మళ్లీ మొదలై 2007 నాటికి 29 నవలలకు చేరింది.

విలేకరి జిమ్ క్విలరన్, అతని సయామీ పిల్లులు కోకో, యమ్ యమ్ ఈ నవలల్లో స్థిరపాత్రలు. కోకో ఏ పుస్తకాన్నో అరలోంచి కింద పడేస్తుంది, ఏ వస్తువు దగ్గరో పట్టుబట్టి కూర్చుంటుంది. దాని అర్థం పోల్చుకోవడం క్విలరన్ పని. పిల్లి నోరు విప్పదు, తనకు తెలుసని ఎక్కడా ఒప్పుకోదు. ఈ నిగ్రహమే బ్రౌన్ కళకు ప్రాణం.

తర్వాతి వాళ్లు ఈ నిగ్రహాన్ని తలా ఒక తీరున సడలించారు. రీటా మే బ్రౌన్ తన పిల్లి స్నీకీ పై బ్రౌన్‌ను సహరచయితగా ప్రకటించి 1990లో 'విష్ యూ వర్ హియర్' తెచ్చింది. అందులో జంతువులు తమలో తాము మాట్లాడుకుంటాయి. కరోల్ నెల్సన్ డగ్లస్ 1992 నాటి 'క్యాట్‌న్యాప్'లో మిడ్‌నైట్ లూయీ అనే నల్లపిల్లి చేత కొన్ని భాగాలు చెప్పించింది. షర్లీ రూసో మర్ఫీ 1996లో మొదలుపెట్టిన నవలల్లో జో గ్రే మనుషులతోనే మాట్లాడుతుంది.

జపాన్‌లో ఒక ముందడుగు

పిల్లి, విశ్వవిద్యాలయం, హత్య మూడూ ఒకే నవలలో కలవడం అమెరికా కన్నా చాలా ముందే జపాన్‌లో జరిగింది. జిరో అకగవా 1978లో ప్రచురించిన నవలతో 'మికెనెకో హోమ్స్' పరంపర మొదలైంది. హోమ్స్ మూడు రంగుల ఆడపిల్లి. ఒక మహిళా విశ్వవిద్యాలయంలో సాహిత్య విభాగపు డీన్ పెంపుడు పిల్లి అది. అక్కడ విద్యార్థినుల హత్యల దర్యాప్తు నడుస్తుండగా డీన్ కూడా మూసిన గదిలో హతుడవుతాడు. పిల్లి కతయామా అనే యువ డిటెక్టివ్ దగ్గరికి చేరుతుంది. కతయామాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, ఆడవాళ్ల ముందు మాట తడబడుతుంది. పిల్లి సైగలతోనే అతనికి దారి చూపుతుంది. ఇది పోలీసు పాత్రతో నడిచే నవల గనుక కోజీ లక్షణాలన్నీ దీనికి అతకవు. తర్వాతి సంపుటాల్లో కథాస్థలాలు మారిపోయి, విశ్వవిద్యాలయం ఈ పరంపరకు స్థిరమైన ఇల్లు కాలేదు. అయినా కాలక్రమంలో తొలి గౌరవం దీనికే చెందాలి.

క్లియా సైమన్, హార్వర్డ్

క్లియా సైమన్ హార్వర్డ్‌లో చదివిన పాత్రికేయురాలు. స్త్రీలకూ పిల్లులకూ ఉన్న అనుబంధంపై 2002లో 'ది ఫెలైన్ మిస్టిక్' అనే వ్యాసగ్రంథం, 2005లో 'మ్యూ ఈజ్ ఫర్ మర్డర్' అనే తొలి మిస్టరీ వెలువరించింది. 2009లో 'షేడ్స్ ఆఫ్ గ్రే'తో డల్సీ ష్వార్ట్జ్ నవలలు మొదలయ్యాయి.

డల్సీ హార్వర్డ్ ఆంగ్ల విభాగంలో పరిశోధక విద్యార్థిని. 18వ శతాబ్దం చివరి నాటి గోథిక్ నవలలపై సిద్ధాంత గ్రంథం రాస్తుంటుంది. ఆమె ప్రాణప్రదంగా చదివే 'ది రావేజెస్ ఆఫ్ అంబ్రియా' సైమన్ కల్పించిన గ్రంథం. డల్సీ పెంపుడు పిల్లి మిస్టర్ గ్రే అప్పటికే చనిపోయింది. తొలి నవలలో ఒకనాడు అది గుమ్మం ముందు కనిపించి లోపలికి వెళ్లవద్దని హెచ్చరిస్తుంది. లోపల అద్దెకున్న కుర్రవాడి శవం ఉంటుంది. అప్పటి నుంచి మిస్టర్ గ్రే ఆమెకు ఆపదలో తోడు. హేతువును నమ్ముకోవలసిన పరిశోధక విద్యార్థినికి ఆత్మ కనిపించడం వింతగా తోచవచ్చు. కానీ ఆమె చదువుతున్నదే పాడుబడ్డ కోటలూ ప్రేతాత్మలూ నిండిన సాహిత్యం కనుక ఈ కల్పన కథలో సహజంగా ఇమిడిపోయింది.

పరిశోధక విద్యార్థి జీవితాన్ని సైమన్ చక్కగా పట్టుకుంది. అధ్యాయం ఎప్పుడిస్తావని అడిగే పర్యవేక్షకుడు, చాలీచాలని భృతి, దిద్దవలసిన విద్యార్థుల వ్యాసాలు, తన అంశం మీదే ఇంకెవరో పనిచేస్తున్నారేమోనన్న బెంగ ప్రతి సంపుటంలోనూ ఉంటాయి. నేరాలు కూడా వీటిలోంచే మొలుస్తాయి. 2012 నాటి 'గ్రే ఎక్స్‌పెక్టేషన్స్'లో ఒక అరుదైన ప్రాచీన ప్రతి గ్రంథాలయం నుంచి మాయమవుతుంది. అదే ఏడాది వచ్చిన 'ట్రూ గ్రే'లో డల్సీ అంశం మీదే పనిచేస్తున్న అతిథి పరిశోధకురాలు చనిపోయి, అనుమానం డల్సీ మీదికి వస్తుంది. 2014 నాటి 'గ్రే హౌల్' ఒక విద్వత్ సదస్సు చుట్టూ తిరుగుతుంది. 2015లో 'కోడ్ గ్రే' వచ్చింది.

మిరాండా జేమ్స్, ఏథీనా కళాశాల

మిరాండా జేమ్స్ అనేది డీన్ జేమ్స్ కలం పేరు. మిసిసిపిలో పుట్టిన ఈయన రైస్ విశ్వవిద్యాలయంలో మధ్యయుగ చరిత్రలో డాక్టరేట్ పొందాడు. హ్యూస్టన్‌లో వైద్య గ్రంథాలయంలో పనిచేశాడు, అక్కడి 'మర్డర్ బై ది బుక్' అనే మిస్టరీ పుస్తకాల దుకాణాన్ని నడపడంలోనూ పాలుపంచుకున్నాడు. జీన్ స్వాన్సన్‌తో కలిసి మహిళా మిస్టరీ రచయితలపై 'బై ఎ వుమన్స్ హ్యాండ్' అనే పరిచయ గ్రంథం తయారుచేశాడు. గ్రంథాలయం, చరిత్ర, మిస్టరీ అనే ఈ మూడు అనుభవాలూ 2010లో 'మర్డర్ పాస్ట్ డ్యూ'తో మొదలైన 'క్యాట్ ఇన్ ది స్టాక్స్' నవలల్లో కలిశాయి.

కథానాయకుడు చార్లీ హారిస్ యాభై దాటిన విధురుడు. హ్యూస్టన్‌లో ప్రభుత్వ గ్రంథాలయ ఉద్యోగం వదిలి, పిన్ని వదిలివెళ్లిన ఇంట్లో ఉండటానికి మిసిసిపిలోని ఏథీనా అనే కల్పిత పట్టణానికి తిరిగి వస్తాడు. ఏథీనా కళాశాల గ్రంథాలయంలో అరుదైన పుస్తకాల విభాగం చూస్తూ, కేటలాగు పని చేస్తుంటాడు. అతని పిల్లి డీజిల్ మెయిన్ కూన్ జాతిది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1985లో తన అధికారిక పిల్లిగా ప్రకటించుకున్న భారీ జాతి అది. మెయిన్ కూన్‌లు మ్యావ్ అనడం కన్నా పిట్టల్లా కిచకిచలాడటం ఎక్కువ. గ్రంథాలయం కార్ల నిలుపుడు స్థలంలో చిన్న కూనగా దొరికిన డీజిల్ ఇప్పుడు మెడపట్టీతో చార్లీ వెంట ఆఫీసుకు వస్తుంది.

డీజిల్ నేరం ఛేదించదు. ఆధారాలు చూపదు, మాట్లాడదు, ఆత్మగా రాదు. ఎదుటి మనిషి బాధలో ఉంటే వెళ్లి ఒళ్లో తల పెడుతుంది. దాన్ని నిమురుతూ ఆ మనిషి అసలు విషయం చెప్పేస్తాడు. పోలీసుల ప్రశ్నలకు బిగుసుకుపోయినవాళ్లు కూడా దీని ముందు మెత్తబడతారు. పిల్లిని పిల్లిగానే ఉంచి, కథకు దాన్ని అవసరంగా మలచడంలో జేమ్స్ సాధించినది ఈ పాయ మొత్తంలోనే శ్రేష్ఠమైనది. వంటింటిని ఏలే అజేలియా బెర్రీ, షెరీఫ్ కార్యాలయంలో అధికారిణి అయిన ఆమె కూతురు కనీషా, చార్లీ పిల్లలు షాన్, లారా, బేకరీ నడిపే హెలెన్ లూయీ పుస్తకం తర్వాత పుస్తకంలో పెరుగుతూ ఒక కుటుంబమవుతారు.

కళాశాల ఇక్కడ వట్టి అలంకారం కాదు. 2012 నాటి 'ఫైల్ ఎమ్ ఫర్ మర్డర్'లో కళాశాలకు వచ్చిన నాటక రచయిత చనిపోతాడు. 2015 నాటి 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ బుక్స్'లో అమెరికా అంతర్యుద్ధ కాలపు దినచర్యలు పురాపత్ర విభాగానికి విరాళంగా వస్తాయి. వాటిని ముందుగా ఎవరు చూడాలన్న పోటీలో ఒక చరిత్ర అధ్యాపకురాలు ప్రాణం పోగొట్టుకుంటుంది. విరాళమిచ్చిన కుటుంబపు పరువు, ఆచార్యుల పదోన్నతి, పత్రాల భద్రత మూడూ ఒకే బల్ల మీదికి వచ్చే ఈ నవలలోని వాతావరణం పురాపత్ర విభాగంలో పనిచేసినవాళ్లకు బాగా తెలిసినదే. 2016 నాటి 'నో క్యాట్స్ ఎలవ్డ్'లో తాత్కాలిక డైరెక్టరుగా వచ్చినవాడు డీజిల్‌ను గ్రంథాలయంలోకి రానివ్వనంటాడు, కొన్నాళ్లకే హతుడవుతాడు. మరుసటి ఏడాది 'ట్వెల్వ్ యాంగ్రీ లైబ్రేరియన్స్'లో చార్లీయే తాత్కాలిక డైరెక్టరు. దక్షిణాది కళాశాల గ్రంథాలయాధికారుల సమావేశానికి అతని పాత శత్రువు వచ్చి చనిపోతాడు. 2019 నాటి 'ది పాఫుల్ ట్రూత్'లో చార్లీ ప్రారంభ మధ్యయుగ చరిత్ర తరగతిలో విద్యార్థిగా చేరతాడు. రచయిత తన డాక్టరేట్ విషయాన్నే తరగతి గదిలోకి తెచ్చుకున్న నవల ఇది. 2020 నాటి 'కేర్‌లెస్ విస్కర్స్' కళాశాల నాటకశాలలోను, 2022 నాటి 'హిస్ మీ డెడ్లీ' సంగీత విభాగం చుట్టూనూ నడుస్తాయి. 2014లో 'బ్లెస్ హర్ డెడ్ లిటిల్ హార్ట్'తో మొదలైన అనుబంధ పరంపరలో ఏథీనాలోని డ్యూకోట్ అక్కచెల్లెళ్లు పరిశోధకులు. చార్లీ ఊరెళ్లినప్పుడు డీజిల్ వాళ్ల దగ్గర ఉంటుంది.

గ్రంథాలయ పిల్లులు

గ్రంథాలయ పిల్లి కల్పనలోనే కాదు, నిజ జీవితంలోనూ ఉంది. అయొవా రాష్ట్రంలోని స్పెన్సర్ పట్టణ గ్రంథాలయంలో 1988 జనవరిలో పుస్తకాలు వాపసు వేసే పెట్టెలో చలికి వణుకుతూ దొరికిన డ్యూయీ అనే పిల్లి 2006 దాకా అక్కడే బతికింది. గ్రంథాలయ డైరెక్టర్ విక్కీ మైరన్ దాని జీవితకథను 2008లో 'డ్యూయీ' పేరుతో ప్రచురించింది. ఆ తర్వాత రెండేళ్లలో డల్సీ, డీజిల్ నవలలు రాగా, 2011లో సోఫీ కెల్లీ 'క్యూరియాసిటీ థ్రిల్డ్ ది క్యాట్', 2013లో లారీ కాస్ 'లెండింగ్ ఎ పా', 2015లో ఈవా గేట్స్ 'బై బుక్ ఆర్ బై క్రూక్' వచ్చాయి. ఈ మూడింటిలోనూ గ్రంథాలయ ఉద్యోగినీ పిల్లీ ఉన్నా కళాశాల లేదు. ఈవా గేట్స్ నాయిక లూసీ హార్వర్డ్ గ్రంథాలయంలో ఉద్యోగం వదిలి నార్త్ కరొలైనా తీరంలోని దీపస్తంభ గ్రంథాలయానికి వెళ్తుంది.

సైమన్ కూడా 2018లో 'ఎ స్పెల్ ఆఫ్ మర్డర్'తో మరో పరంపర ప్రారంభించింది. అందులో మంత్రశక్తి గల మూడు పిల్లులు కేంబ్రిడ్జిలోనే ఉంటాయి. ఊరు హార్వర్డ్ ఊరే అయినా కథ విశ్వవిద్యాలయం బయట నడుస్తుంది.