కింగ్ కోఠీ: దేవిడీ నుండి దవాఖానా దాకా

"కింగ్ కోఠీ దవాఖానాకు పోయొచ్చాం" అనే మాట హైదరాబాదులో రోజూ వినబడేదే. కాని ఆ కోఠీ ఎవరిది, ఆ కింగ్ ఎవరు అని మేము తరగతిలో అడిగితే లేచే చేతులు రెండో మూడో. అందుకే ఈ నాలుగు మాటలు పాఠక సోదర సోదరీమణులకు మనవి చేస్తున్నాము.

మొదట ఇది రాజుగారి ఇల్లు కాదు. కమాల్ ఖాన్ అనే అమీరు దీన్ని మూసీకి ఉత్తరాన, పాతనగరం ప్రాకారానికి వెలుపల కట్టించుకున్నాడు. తలుపుల మీద, కిటికీల మీద తన పేరులోని 'కె.కె.' అనే ఇంగ్లీషు అక్షరాలు చెక్కించాడు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పదమూడేళ్ల ప్రాయంలో ఈ ఇంటికి వచ్చారు. ఒకరి పేరున్న ఇంట్లో ఉండటమెలా అని, ఆ అక్షరాలు చెరపకుండానే 'కింగ్ కోఠీ' అని పిలవాలని ఫర్మానా ఇచ్చారని పెద్దలు చెప్పుకుంటారు.

1911లో గద్దెనెక్కినా ఆయన చౌమహల్లాకు మారలేదు. పడమటి భాగమైన నజ్రీ బాగ్‌లో కాపురం, తూర్పు భాగంలో రాచకార్యాలు. నజ్రీ బాగ్ వాకిలికి ఎప్పుడూ తెర వేలాడేది గనుక దానికి పర్దా గేటు అని పేరొచ్చింది. తెర పైకెత్తి ఉంటే సర్కారువారు ఇంట లేరని గుర్తు. 1937లో ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అమెరికా పత్రిక 'టైమ్' ముఖచిత్రంగా వేసిన మనిషి ఈ తెర వెనకే ఉండేవారు. 1948లో రాజ్యం పోయింది. 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉండి, 1967 ఫిబ్రవరి 24న ఇక్కడే కన్నుమూశారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లిగారి పక్కన ఖననమయ్యారు.

తరువాత తూర్పు భాగం ప్రభుత్వ ఆసుపత్రి అయింది. ఒకనాడు దర్బారు మర్యాదలు నడిచిన చోట ఇప్పుడు చీటీ పట్టుకుని పేదవాళ్లు వరుసలో నిలబడతారు. మా బడి నౌకరు తల్లికి జబ్బు చేసినప్పుడు మేమూ ఆ వరుసలో నిలబడ్డవాళ్లమే. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ దవాఖానానే ఆ రోగులకు కేటాయించారు.

ఇక పురానీ హవేలీ సంగతి వేరు. రెండవ నిజాం తన కొడుకు సికందర్ జా కోసం కొన్న ఆ హవేలీ ఆవరణలో, ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కోడలు దుర్రె షెహ్వార్ పేర పిల్లలకు, స్త్రీలకు ఆసుపత్రి వెలిసింది. ఆమె ఆఖరి ఉస్మానీ ఖలీఫా కుమార్తె. 1931లో ఆజం జాను పెళ్లాడి ఇక్కడికి వచ్చారు, 2006లో లండన్‌లో మరణించారు. కింగ్ కోఠీ సర్కారు చేతికి పోయి దవాఖానా అయింది. ఇది ఆ ఇంటివారి సంకల్పంతోనే అయింది. రెండింటికీ ఇదే తేడా.

మన నగరంలో ఎన్ని దేవిడీలు వారసుల తగాదాల్లో పడి, గోడ గోడగా అమ్ముడైపోలేదు? అంత పెద్ద ఇళ్లు మన దగ్గర లేకపోవచ్చు. కాని ఒక గది, ఒక దుకాణం, కొంచెం జాగా ఉన్నవాళ్లు ఉన్నారు. ఖిద్మత్ చేయాలనే నియ్యత్ ఉంటే అది మనసులో ఉంచుకుంటే చాలదు. బతికుండగానే కాగితం రాయాలి, నలుగురు నమ్మకస్తులకు అప్పజెప్పాలి, లెక్కలు ఏటేటా నలుగురిలో చదవాలి.

కమాల్ ఖాన్ పేరు జనం మరచిపోయారు. దవాఖానా దారి మాత్రం అందరికీ తెలుసు.