భూటాన్‌కా, బ్యాంకాక్‌కా: భవానీపూర్ కుటుంబాల విదేశీ యాత్రకు ఖర్చుల లెక్క

దుర్గాపూజ సెలవులంటే దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌లో ప్రయాణాల కాలం కూడా. బెంగాలీ, గుజరాతీ, పంజాబీ కుటుంబాలు పక్కపక్కనే ఉండే ఈ ప్రాంతానికి రెండు విదేశాలు చేరువ. కోల్‌కతా నుంచి భూటాన్‌లోని పారోకు, థాయిలాండ్‌లోని బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. భూటాన్‌కు రైలు దారీ ఉంది. సియాల్దాలో కాంచన్‌కన్యా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హాసీమారాలో దిగితే, జయగావ్ మీదుగా సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్ చేరవచ్చు. డబ్బు విషయంలో మాత్రం ఈ రెండు యాత్రల నియమాలు వేరు. ఒకదానికి వేసిన లెక్క రెండోదానికి సరిపోదు.

భూటాన్: రూపాయితోనే యాత్ర

భూటాన్ కరెన్సీ ఙుల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. అక్కడ రూపాయలు చెల్లుతాయి. నేపాల్, భూటాన్ ప్రయాణాలకు మన బ్యాంకులు విదేశీ మారకం ఇవ్వవు కాబట్టి డాలర్ల ప్రసక్తే లేదు. అయితే నోట్లకు పరిమితి ఉంది. రూ.100కు మించిన నోట్లను ఒక్కొక్కరు మొత్తం రూ.25,000 వరకే తీసుకెళ్లవచ్చు. 2021 జులైలో భూటాన్‌లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. కొండదారి దుకాణాల్లో, ట్యాక్సీల్లో మాత్రం నగదు ఉండాల్సిందే.

చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు సుస్థిర అభివృద్ధి రుసుము. 2022 సెప్టెంబరు నుంచి భారతీయులు రాత్రికి తలా రూ.1,200 చొప్పున దీన్ని చెల్లిస్తున్నారు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం, అంతకంటే చిన్నవారికి మినహాయింపు. భార్యాభర్తలు, నాయనమ్మ, తొమ్మిదేళ్ల పాప ఉన్న కుటుంబానికి ఇది రాత్రికి రూ.4,200. ఐదు రాత్రులకు రూ.21,000. గది అద్దె, భోజనం దీనికి అదనం. ‘ఇంకొక్క రోజు ఉందాం’ అనుకునే ముందు ఈ రూ.4,200 గుర్తుండాలి.

బ్యాంకాక్: మారకంలో జారిపోయే డబ్బు

థాయిలాండ్ యాత్రకు ఒక్కొక్కరు ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే విదేశీ నగదు తీసుకోవచ్చు. మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోవచ్చు. విదేశీ కరెన్సీ కొనేటప్పుడు రూ.50,000, ఆపై మొత్తాన్ని రూపాయి నగదుగా ఇవ్వడం కుదరదు. చెక్కు, కార్డు లేదా బ్యాంకు బదిలీ ద్వారానే చెల్లించాలి.

చాలా క్రెడిట్ కార్డులపై విదేశీ లావాదేవీ రుసుము 2 నుంచి 3.5 శాతం. ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ. రూ.50,000 ఖర్చుపై 3.5 శాతం అంటే రూ.1,750, దానిపై జీఎస్టీ రూ.315. మొత్తం రూ.2,065 చేతికి ఏమీ రాకుండానే పోతుంది. దుకాణంలో ‘రూపాయల్లో చెల్లిస్తారా, బాత్‌లలోనా’ అని యంత్రం అడిగితే బాత్‌లే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే ఆ మారకపు రేటు సాధారణంగా మనకు నష్టం. థాయ్ ఏటీఎంలు తీసిన ప్రతిసారీ రుసుము వసూలు చేస్తాయి. కాబట్టి చిన్న మొత్తాలు పలుమార్లు తీయడం కంటే అవసరమైనంత ఒకేసారి తీయడం మేలు. కార్డులో విదేశీ వాడకం ఆన్‌లో ఉందో లేదో బయలుదేరకముందే చూసుకోవాలి.

టూర్ ప్యాకేజీ కొంటే, చెప్పిన ధరలో టీసీఎస్ కలిసి ఉందో లేదో అడగాలి. మూలంలో వసూలైన ఈ పన్నును తర్వాత రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ అంతవరకు ఆ డబ్బు చేతిలో ఉండదు.

రోజువారీ లెక్క ఎలా?

టికెట్లు, గదులు, రుసుములు ముందుగా తీసేయాలి. మిగిలినదాంట్లో ఐదో వంతు అత్యవసరానికి పక్కన పెట్టి, మిగతాది రోజులతో భాగించాలి. ఉదాహరణకు రూ.60,000 మిగిలితే రూ.12,000 పక్కకు. రూ.48,000ను ఆరు రోజులకు పంచితే రోజుకు రూ.8,000. మొదటి రోజు రూ.9,500 అయిందనుకోండి. మిగిలిన రూ.38,500ను ఐదు రోజులకు పంచుకోవాలి. అంటే రేపటి నుంచి రోజుకు రూ.7,700. ప్రతి రాత్రీ ఇలా తిరిగి లెక్కిస్తే నాలుగో రోజున కంగారుపడే పరిస్థితి రాదు.

అన్ని రోజులూ ఒకేలా ఉండవు. పారో దగ్గరి తాక్త్సాంగ్ మఠానికి ఎక్కే రోజు, బ్యాంకాక్‌లో కొనుగోళ్ల రోజు ఖర్చు పెరుగుతుంది. ఆ రోజులకు ముందే ఎక్కువ కేటాయించి, విశ్రాంతి రోజుల్లో తగ్గించాలి. నగదు, కార్డులు ఒకే సంచిలో కాకుండా కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. పెద్దవాళ్ల మందుల డబ్బును రోజు ఖర్చులో కలపకూడదు. పిల్లలకు వాళ్ల వంతు ముందే చేతికిస్తే బొమ్మల దుకాణం దగ్గర పేచీ తగ్గుతుంది.

తిరిగొచ్చాక

ఙుల్ట్రమ్‌లు కోల్‌కతాలో చెల్లవు. జయగావ్ దాటకముందే ఖర్చు చేయాలి, లేదా మార్చుకోవాలి. మిగిలిన విదేశీ కరెన్సీని 180 రోజుల్లోగా తిరిగి ఇచ్చేయాలి. 2,000 డాలర్ల విలువ వరకు మాత్రం తదుపరి ప్రయాణానికి దాచుకోవచ్చు.