ఏడిళ్ళ అన్నం, ఒక్కరి తోడు

వారాలు చేసుకుని చదువుకోవడమన్నది మన పెద్దల ముచ్చట్లలో తరచు వినబడే మాట. కృష్ణా డెల్టా గ్రామాల నుండి బందరు చదువులకు వెళ్ళిన పేదపిల్లలు కొందరు సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం చేస్తూ, వారానికి ఏడు గడపలు తొక్కి చదువు సాగించేవారు. ఆ అన్నం గొప్పదే. కాని ఆ ఏర్పాటు చాలావరకు అగ్రవర్ణపు పిల్లలకే దక్కింది. పైగా ఆ కుర్రవాడు ఎవరితో తిరుగుతున్నాడో, బడికి ఎందుకు రాలేదో అడగవలసిన బాధ్యత ఆ ఏడిళ్ళలో ఏ ఒక్కరి మీదా ప్రత్యేకంగా ఉండేది కాదు.

అలా అడిగే మనిషి ఒక్కరు దొరికితే ఏమవుతుందో తెలుసుకోవడానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యాన్ని చూడవచ్చు. ఆయన 1872లో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి సంసారం ఈదింది. తన అల్లరి సావాసాలను, నాటకాల వ్యామోహాన్ని ఆయన 'నా జీవిత యాత్ర'లో దాచుకోలేదు. అటువంటి బాలుడిని చేరదీసినవారు మిషను బడి ఉపాధ్యాయులు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు. ఆయన బంధువు కారు. తాము రాజమండ్రికి మారినప్పుడు శిష్యుణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళారు. నాటకాలు మానమని దండించడం కాక, తమ నాటక బృందంలోనే వేషాలిచ్చారు. బాలుడి మనసు ఎక్కడ ఉన్నదో అక్కడికే వెళ్ళి చేయి పట్టుకున్నారన్న మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినది ఆ బాలుడే.

ఇక్కడ ఒక గురువు ఔదార్యంగా ఉన్నదానిని అమెరికాలో ఒక పద్ధతిగా మలిచారు. న్యూయార్కు బాలల న్యాయస్థానంలో గుమాస్తాగా పనిచేసిన ఎర్నెస్ట్ కౌల్టర్, తన కళ్ళెదుట నుండి జైళ్ళకూ, సంస్కరణ గృహాలకూ వెళ్ళే పిల్లలను చూసి చలించి, 1904లో ఒక చర్చి సభలో వినతి చేశారు. ఆయన అడిగింది చందా కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క బాలుడికి పెద్దన్నగా ఉండమన్నారు. నలభై మంది వరకు ముందుకు వచ్చారు. 'బిగ్ బ్రదర్స్' ఉద్యమానికి అది నాంది.

1995లో ఆ సంస్థ పిల్లలపై వెలువడిన అధ్యయనం ప్రకారం, తోడు దొరికినవారు మత్తుమందుల జోలికి కొత్తగా వెళ్ళడం, తోడు కోసం వేచి ఉన్నవారితో పోలిస్తే 46 శాతం తక్కువ. ఆ సమాచారాన్నే మళ్ళీ పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితం మరింత ఆలోచింపజేసేది. ఏడాదికి పైగా నిలిచిన స్నేహమే ఎక్కువ మేలు చేసింది. మూడు నెలల లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమపై తమకున్న గౌరవం మునుపటి కన్నా తగ్గింది. ఆరంభశూరత్వం ఇతర పనులలో నవ్వులపాలు చేస్తుంది, అంతే. ఇక్కడ మాత్రం అది ఒకసారి దెబ్బతిన్న పసిమనసును మరొకసారి గాయపరుస్తుంది.

మన బెజవాడకు వస్తే, మద్రాసు, హౌరా, ఢిల్లీ దారులు కలిసే ఆ రైలు కూడలిలో ఇల్లు విడిచిన పిల్లలు దిగుతూనే ఉంటారు. వారి కోసం డాన్ బాస్కో సలేషియన్ సభవారు 1989లో నవజీవన్ బాలభవన్‌ను నెలకొల్పారు. ఆ సభ మూలపురుషుడైన బాస్కో సేవ కూడా 1841లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో, చర్చి పరిచారకుడు గదిమి పొమ్మన్న ఒకే ఒక్క అనాథ బాలుడిని వెనక్కు పిలిచి మాట్లాడడంతో మొదలయిందంటారు.

అయితే సంస్థ ఎంత గొప్పదైనా, అందులోని ఒక్కొక్క కార్యకర్త ఎందరో పిల్లలను చూసుకోవలసి ఉంటుంది. రైలెక్కక ముందు ఆ పిల్లవాడు ఏదో ఒక ఊరివాడే కదా! తిరిగి వచ్చినా ఆ ఊరికే రావాలి. అక్కడ అతని కోసం ఎదురుచూసే పెద్దమనిషి ఒక్కరైనా ఉండాలి.

చల్లపల్లిని తలచుకోవడం ఇందుకే. 2014 నవంబరులో ఈ ఊరివారు తెల్లవారకముందే లేచి చీపుర్లు పట్టారు. వైద్యులు, ఉపాధ్యాయులు, రైతులు, గృహిణులు కలిసి వీధులు ఊడ్చి, మొక్కలు నాటి, ఏళ్ళ తరబడి ఆ పనిని నిలబెట్టారు. ఆరంభశూరత్వం కాని సేవ ఎలా ఉంటుందో రాష్ట్రానికి చూపిన ఊరిది.

వీధికి రోజూ గంటసేపు ఇవ్వగలిగిన ఊరు, తండ్రి లేని ఒక బాలుడికో, బడి మానబోతున్న ఒక బాలికకో వారానికి ఒక్క గంట ఇవ్వలేదా? జాగ్రత్తలు తప్పవు. ముందుకు వచ్చినవారి పూర్వాపరాలు విచారించాలి. కలయిక నలుగురి కళ్ళెదుట, బడిలోనో గ్రంథాలయంలోనో జరగాలి. ఏడాదిపాటు వదలనన్న మాట ముందే తీసుకోవాలి. ఆ మాట ఇవ్వలేనివారు ఆ బిడ్డను పలకరించకపోవడమే మేలు.

నాయుడుగారు చేరదీసిన నాడు ఆ కుర్రవాడు ఆంధ్రకేసరి అవుతాడని ఆయనకు తెలియదు. కాకపోయినా ఆయన చేసింది మంచిపనే. మన చేయి అందుకునే పిల్లలలో ఎక్కువమంది ఏ కేసరులూ కారు. చదువు ముగించి, ఒక పని చూసుకుని, ఇంటి పట్టున ఉంటారు. అంతకన్నా మనం కోరవలసింది ఏముంది?